అపోహలు - వాస్తవాలు: బైకుల కంపెనీ మిక్సర్లు చేస్తుందా?

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం మొదలైతే 18 రోజులూ మా మైకుసెట్టు అక్కడే. పగలు హరికథ, రాత్రి నాటకం. మైకుల సౌండ్‌నంతా కలిపి సరిచేసే మిక్సర్ మీద యమహా అని చూసి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "ఏంనా, ఇది ఆర్ఎక్స్ హండ్రెడ్ కంపెనీదా?"

అపోహ: యమహా బైకుల కంపెనీ. మిక్సర్లు పక్క వ్యాపారం.

కథ అటునుంచి ఇటు. 1887లో జపాన్‌లోని హమమత్సులో ఒక బడిలో రీడ్ ఆర్గాన్ పాడైతే బాగుచేయడానికి వెళ్లినాయన తొరకుసు యమహా. రీడ్ ఆర్గాన్ అంటే మన హార్మోనియానికి పెద్దన్న. విప్పి చూసి, తనే ఒకటి తయారుచేశాడు. దాన్ని కర్రకు తగిలించి, తోడు ఒకరితో హకోనె కొండలు దాటి, టోక్యోకు దాదాపు 250 కిలోమీటర్లు మోసుకెళ్లాడు. అలిపిరి మెట్లు ఖాళీ చేతులతో ఎక్కినా ఆయాసపడతాం. అంత దూరం మోస్తే అక్కడి సంగీత పండితులు శ్రుతి కుదరలేదన్నారు. ఆయన అలిగి వెనక్కి రాలేదు. అక్కడే నెల రోజులు ఉండి శ్రుతి శాస్త్రం నేర్చుకుని, మళ్లీ చేశాడు. ఆ కంపెనీ గుర్తులో మూడు శ్రుతిదండాలు (శ్రుతి సరిచూసుకునే ట్యూనింగ్ ఫోర్కులు) ఎందుకున్నాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది. బైకు ట్యాంకు మీదున్నవీ అవే.

యుద్ధకాలంలో విమానాల ప్రొపెల్లర్లు చేశారు. ఆ యంత్రాలు తర్వాత ఖాళీగా ఉంటే వాటితో బైకుల పని మొదలుపెట్టారు. 1955లో యమహా మోటార్‌ను వేరే కంపెనీ చేశారు. మిక్సర్లు సంగీతం వైపు కంపెనీవే.

అపోహ: డిజిటల్ మిక్సర్ నిన్నమొన్నటిది, నమ్మలేం.

యమహా అనలాగ్ మిక్సర్, అంటే సెట్టింగులు గుర్తుపెట్టుకోని పాత రకం, పీఎం1000 వచ్చింది 1974లో. దాని పాత ఛానెళ్లను ఊడదీసి ఇప్పటికీ స్టూడియోల్లో మైక్ ప్రీఆంప్‌లుగా (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచేవి) వాడుకునేవాళ్లున్నారు. అంత గట్టి సరుకు. కానీ అదే కంపెనీ 1987లోనే డీఎంపీ7 అనే డిజిటల్ మిక్సర్ తెచ్చింది. 2005లో వచ్చిన ఎం7సీఎల్‌తో కచేరీల్లో డిజిటల్ మామూలైపోయింది.

అనలాగ్‌లో హరికథ అయ్యాక రాత్రి నాటకానికి ప్రతి నాబూ మళ్లీ తిప్పాలి. ఎక్కడ పెట్టామో గుర్తుండాలని ఛానెల్ పక్కన టేపు అంటించి, స్కెచ్ పెన్నుతో గీతలు గీసుకునేవాళ్లం. ఇప్పుడు హరికథకు ఒక సీన్, నాటకానికి ఒక సీన్ సేవ్ చేసి పెట్టుకుంటాను. ఒక్క బటన్. భాగవతార్ చిడతలకు కోసిన ట్రెబుల్ రాత్రి ద్రౌపది గొంతుకు అడ్డం రాదు.

అపోహ: పెద్ద కంపెనీ మిక్సర్ పెడితే కూత రాదు.

ఇది నమ్మే చాలామంది అప్పుచేసి మరీ కొంటున్నారు, అందుకే బాధ. స్పీకర్ సౌండ్ మైకులోకి, మైకుది మళ్లీ స్పీకర్లోకి తిరుగుతుంటే కూస్తుంది. ఏ మిక్సరైనా అంతే. ఒకసారి దుశ్శాసనుడు ఊగిపోతుంటే వేలాడే మైకులు కీచుమన్నాయి. ముందు చేయి ఫేడర్ మీదికే, అంటే సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీట మీదికే పోయింది. తగ్గిస్తే పద్యం వెనక కూర్చున్నవాళ్లకు వినపడలేదు, ముసలాళ్లు లేచి ముందుకొచ్చారు. చివరికి స్పీకర్ బాక్సులను స్టేజి అంచు దాటించి రెండడుగులు ముందుకు జరిపాను, ఈక్యూలో, అంటే ట్రెబుల్, బాస్ సరిచేసే చోట, కూసే స్వరం వెతికి కొంచెం కోశాను. ఫేడర్ మళ్లీ పైకి తోశాను. పద్యం చివరి వరస దాకా పోయింది.