ఆడవాళ్ల ఆత్మకథలు: నాకు రోజూ ఎదురయ్యే అపోహలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా పని నలభై దాటిన ఆడవాళ్ల చేత వాళ్ల జీవితం రాయించడం. చెబితే రికార్డు చేసుకుంటాను, రాసిస్తే దిద్దుతాను, డీటీపీ అయ్యాక ఓ ముప్ఫై నలభై కాపీలు వేయిస్తాం. ఎక్కువగా ఇంట్లో శుభకార్యాలకే పంచుతారు. ఇన్నేళ్లుగా అవే మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను, ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: "నా బతుకులో ఏటుందమ్మా రాయడానికి?"

వాస్తవం: ఈ మాట అనకుండా మొదలుపెట్టిన మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. టిఫిన్ బండి నడిపే ఒకావిడ, యాభై రెండేళ్లుంటాయి, మొదటి రోజు రెండు ముక్కల్లో తేల్చేసింది: "ఆయన పోయాక చాలా కష్టపడ్డాను, దేవుడి దయవల్ల గట్టెక్కాను." ఇది అందరూ చెప్పేదే, ఇందులో ఆవిడ ఎక్కడా లేదు. బండి పెట్టడానికి ముందు రోజు రాత్రి ఏం చేశావమ్మా అని అడిగాను. కిలో మినప్పప్పు నానబోసిందట, గ్రైండర్ లేక రోట్లో రుబ్బేసరికి ఒంటిగంట దాటిందట, తెల్లారాక పోయింది ఎనిమిది ప్లేట్లే, మిగిలినవి రెండు పూటలా పిల్లలకి, ఇంకా మిగిలితే ఆవుకి. ఇదంతా గడగడా చెప్పి ఒక్క క్షణం ఆగింది. రుబ్బుతుంటే గాజుల చప్పుడు లేదని ఆ రాత్రే మొదటిసారి తెలిసిందట. పుస్తకం అక్కణ్నుంచే మొదలుపెట్టాం.

అపోహ: తేదీలు గుర్తులేకపోతే రాయలేం.

వాస్తవం: నేను తేదీ అడగనే అడగను. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలుబండి ఆగకముందా, ఆగాకా అంటాను. గేజు మార్చడానికి దాన్ని 2004లో ఆపారు. లేకపోతే తిత్లీ తుఫానుకి ముందా అంటాను, అది 2018 అక్టోబరు. ఏడాది దానంతటదే తేలుతుంది.

అపోహ: మంచి తెలుగు వచ్చుండాలి.

వాస్తవం: ఇక్కడ చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్లు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. ఒకావిడ తన తెలుగు మాటలన్నీ ఒడియా అక్షరాల్లో రాసి తెచ్చింది, హాయిగా పనయింది. తప్పు చేసింది నేను. మొదట్లో ఒకావిడ మాటల్ని శుభ్రంగా పుస్తకాల తెలుగులోకి మార్చి ఇస్తే, వాళ్లమ్మాయి రెండు పేజీలు చదివి "ఇది మా అమ్మ కాదండీ" అని వెనక్కి ఇచ్చేసింది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని నేను చేసిన నిర్వాకం అది. మొత్తం మళ్లీ టైపు చేయించాను, నా డబ్బుల్తోనే.

అపోహ: గెలిచినట్టు ముగిస్తేనే చదివినవాళ్లకి ధైర్యం.

వాస్తవం: కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. భర్త దూరమయ్యాక ముప్ఫై దాటిన వయసులో మళ్లీ చదువుకి కూర్చున్నారు, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా చేశారు, కొడుకునీ కూతురినీ పోగొట్టుకున్నారు. అందులో చప్పట్లు కొట్టించే చివరి సీనేమీ ఉండదు. అయినా ఆ పుస్తకం పట్టుకెళ్లినవాళ్లు తిరిగివ్వరు (నావి మూడు కాపీలు పోయాయి). కాబట్టి గ్రూపు లోను ఇంకా తీరకపోతే తీరలేదనే రాయండి.

అపోహ: రాసేస్తే మనసు తేలికైపోతుంది.

వాస్తవం: కొందరికి, అదీ వెంటనే కాదు. ముందు నిద్ర చెడుతుంది. అలాంటప్పుడు రెండు వారాలు పెన్ను ముట్టొద్దంటాను, అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టర్ దగ్గరికి పంపిస్తాను, అది నా పని కాదు.

అపోహ: ఇంటి పరువు పోతుంది.

వాస్తవం: పోవచ్చు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. అందుకే ముందు అంతా రాయమంటాను. అచ్చుకి వెళ్లేలోపు ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆవిడే తేల్చుకోవాలి, నేను కాదు, కొడుకు అసలే కాదు. టిఫిన్ బండి ఆవిడ ప్రూఫుల్లో మరిది పొలం రాయించుకున్న రెండు పేజీలూ అడ్డంగా కొట్టేసి, బ్రిడ్జి దాటి పాతపట్నంలో కూతురింటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే ఫోను: "ఆ రెండు పేజీలూ ఉంచెయ్యమ్మా. పేరు రాయకు, మరిది అనే రాయి. నాకు ఒక్కడే మరిది."