బతుకమ్మ చప్పట్లకు ఎమ్‌పీ3 చాలుతుందా?

వరంగల్, హనుమకొండ ఇళ్లలో అటక మీద ఇంకా క్యాసెట్ల డబ్బాలు కనబడతాయి. మేడారం జాతరలో కొన్న సమ్మక్క సారలమ్మ పాటలు, ఒగ్గు కథలు, పెండ్లిలో ఎవరో టేపు రికార్డర్ పెట్టి పట్టిన పాటలు, ఎంగిలిపూల నాడు వాకిట్లో అమ్మమ్మ అందుకున్న బతుకమ్మ పాట. సినిమా పాటల గురించి బెంగ లేదు, ఎక్కడో ఒకచోట మంచి కాపీ దొరుకుతుంది. ఇంట్లో పట్టిన టేపుకు మాత్రం రెండో కాపీ ఉండదు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కొంత వదిలేసి ఫైలును చిన్నది చేసే ఎమ్‌పీ3 చేయాలా, ఏదీ వదలకుండా కుదించే ఫ్లాక్ (FLAC) చేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

మొబైల్ షాపులో అడిగితే ఎమ్‌పీ3 చాలంటారు. ఆడియో పిచ్చి ఉన్నవాళ్లను అడిగితే ఫ్లాక్ తప్ప మరొకటి వద్దంటారు. తేడా వినబడదని వీళ్లు, వినబడుతుందని వాళ్లు. నా మటుకు ఈ గొడవే అనవసరం. ఫ్లాక్ కావాల్సింది వేరే కారణానికి.

కంప్యూటర్ ధ్వనిని అంకెలుగా రాసుకుంటుంది. సీడీ లెక్కలో సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, అంటే 16 సున్నా-ఒకట్లలో రాస్తుంది. మన చెవికి అందేది మహా అయితే సెకనుకు 20,000 కంపనాల వరకే. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలు, ఏదీ తప్పిపోదు. ఈ లెక్కన 90 నిమిషాల స్టీరియో క్యాసెట్ ఉన్నదున్నట్టు రాస్తే దాదాపు 950 ఎంబీ అవుతుంది.

ఫ్లాక్ ఇందులో ఒక్క బిట్టు కూడా పారేయదు. ముందు వచ్చిన కొలతలను చూసి తర్వాతిది ఎంత ఉంటుందో ఊహిస్తుంది. 1000, 1010, 1020 వచ్చాయి కాబట్టి తర్వాత 1030 అనుకుంటుంది. నిజంగా వచ్చింది 1032 అయితే తేడా 2 మాత్రమే రాసుకుంటుంది. చిన్న అంకెకు చోటు తక్కువ పడుతుంది కదా! విప్పేటప్పుడు ఊహకు తేడాను కలిపితే అసలు కొలత మళ్లీ వచ్చేస్తుంది. స్టూడియోలో చేసిన సంగీతం ఈ పద్ధతిలో చాలాసార్లు సగానికి అటూ ఇటూ తగ్గుతుంది. టేపు అంతగా తగ్గకపోవచ్చు. క్యాసెట్‌లో ఎప్పుడూ ఉండే సుయ్‌మనే రొదకు ఒక క్రమం లేదు, దాన్ని ఏ లెక్కా ఊహించలేదు. మీ ఫైలు ఆశించినంత చిన్నది కాకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

ఎమ్‌పీ3 దారి వేరు. అది చెవి బలహీనత మీద ఆధారపడుతుంది. ఒక స్వరం గట్టిగా మోగుతుంటే దాని పక్క శృతిలో సన్నగా ఉన్న ధ్వని మనకు వినబడదు. వినబడని దాన్ని అంత కచ్చితంగా రాయడం దేనికని ఎమ్‌పీ3 అక్కడ ముతకగా రాస్తుంది, కొంత వదిలేస్తుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి తయారుచేసిన పద్ధతి ఇది. 1995లో ఫైళ్లకు ఆ పేరు ఖాయమైంది. అదే 90 నిమిషాల క్యాసెట్ 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 వేల బిట్ల లెక్కన; దీన్నే బిట్‌రేటు అంటారు) 86 ఎంబీ, 320లో 216 ఎంబీ.

బతుకమ్మ పాట దీనికి మంచి పరీక్ష. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఒక్కసారిగా కొట్టే చప్పట్లను గమనించండి. అంతకు ముందు క్షణం దాదాపు నిశ్శబ్దం, వెంటనే టప్‌మని పెద్ద శబ్దం. ఎమ్‌పీ3 ధ్వనిని మామూలుగా 576 కొలతల చొప్పున, అంటే సుమారు 13 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. ముతకగా రాయడంలో వచ్చిన పొరపాటు ఆ ముక్కంతా పరుచుకుంటుంది, చప్పట్టుకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా. పెద్ద శబ్దం తన తర్వాత వచ్చేదాన్ని కాస్త ఎక్కువసేపు కప్పేస్తుంది కానీ, తనకు ముందున్న దాన్ని కప్పేది కొన్ని మిల్లీసెకన్లే. అందుకే తక్కువ బిట్‌రేటులో చప్పట్ల అంచు మొద్దుబారి, ముందే ఉఫ్‌మని ఊదినట్టు వినబడుతుంది. ఇలాంటి చోట ముక్కల్ని ఇంకా చిన్నవి చేసే ఏర్పాటు ఎమ్‌పీ3లో ఉంది. మంచి ఎన్‌కోడర్‌తో (ఎమ్‌పీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో) 256 కేబీపీఎస్ దాటితే ఏది ఏదో చెప్పకుండా వినిపించినప్పుడు చాలామంది పట్టుకోలేరు. వినడానికే అయితే ఎమ్‌పీ3 చాలు, నిస్సందేహంగా.

ఇబ్బంది టేపును బాగుచేయాలనుకున్న రోజు వస్తుంది. రేపు మీ అబ్బాయి ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆ రొద తీసేసి, అమ్మమ్మ గొంతు పైకి తేవాలనుకుంటాడు. ఎమ్‌పీ3 తన ముతకదనాన్ని దాచింది ఆ రొద కిందే, పక్కనున్న పెద్ద గొంతుల కిందే. కప్పిన దుప్పటి లాగేస్తే లోపలిది బయటపడుతుంది. గొంతు చుట్టూ నీళ్లలో మాట్లాడినట్టు గలగలలు తేలుతాయి. పైగా ఎమ్‌పీ3ని సరిచేసి మళ్లీ ఎమ్‌పీ3గా సేవ్ చేస్తే రెండోసారి కోత పడుతుంది. ఫ్లాక్ ఉంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా మొదటికి రావచ్చు. ఇంట్లో దాచే కాపీ ఫ్లాక్, బంధువులకు పంపేది ఎమ్‌పీ3 అని పెట్టుకుంటే గొడవే లేదు.

ఫార్మాట్ కంటే ఎక్కువ నష్టం డెక్ (క్యాసెట్ ప్లేయర్) దగ్గరే జరుగుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే, అది కదిలేది సెకనుకు 4.76 సెంటీమీటర్లే. అంత సన్నని రాతను చదివే హెడ్ రవ్వంత వంకరగా ఉన్నా తాళాల మెరుపు, చప్పట్ల పదును పోతాయి. అలా పోయినదాన్ని ఫ్లాక్ వెనక్కి తేలేదు. హెడ్ పక్కనే చిన్న స్క్రూ ఉంటుంది. రెండు చానళ్లను కలిపి మోనోలో వింటూ, తాళాలు బాగా తేటగా వినబడే దాకా దాన్ని మెల్లగా తిప్పాలి. రికార్డు చేసిన డెక్ ఎలా వంగి ఉందో అలాగే వంచాలి కాబట్టి, వేర్వేరు ఇళ్లలో పట్టిన క్యాసెట్లకు మళ్లీ మళ్లీ తిప్పక తప్పదు. హెడ్‌ను ముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డోలు ఎంత గట్టిగా మోగినా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీటరు సున్నాకు (అదే దాని పై హద్దు) తగలకుండా లెవెల్ కొంచెం తగ్గించి పెట్టండి. 24 బిట్లలో రికార్డు చేస్తే అలా తగ్గించినా నష్టం లేదు.

బస్టాండు దగ్గర కొన్న, వందల పాటలున్న ఎమ్‌పీ3 డిస్కులను మాత్రం ఫ్లాక్‌లోకి మార్చకండి. పోయింది తిరిగి రాదు, ఫైలు సైజు ఊరికే పెరుగుతుంది. వాటిని అలాగే కాపీ చేసి పెట్టుకోండి.

ఫ్లాక్‌తో మరో సౌకర్యం ఉంది. ఫైలు మొదట్లోనే లోపలి ధ్వని తాలూకు వేలిముద్ర లాంటి అంకె ఒకటి రాసి ఉంటుంది. ఏళ్ల తర్వాత హార్డ్ డిస్క్ పాడై ఒక్క బిట్టు మారినా, పరీక్ష పెడితే ఆ అంకె కలవదు. ఏడాదికోసారి చూసుకుని, తేడా వచ్చిన ఫైలును రెండో డిస్క్ నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది.