స్కోరుబోర్డు మీద ఒకటి

2013 జనవరి 3, అరిజోనాలో ఫియస్టా బౌల్ అనే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఒకవైపు ఓరెగన్ యూనివర్సిటీ, ఇంకోవైపు కాన్సాస్ స్టేట్. మూడో క్వార్టర్‌లో ఓరెగన్ ఒక టచ్‌డౌన్ చేసి 31-10కి వెళ్లింది. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలివాళ్ల గోల్ లైన్ (మైదానం చివరి గీత) దాటిస్తే, ఆరు పాయింట్లు, ఆ తర్వాత ఒక చిన్న తంతు ఉంటుంది: గోల్ లైన్‌కి మూడు గజాల దూరం నుంచి ఇంకో ఛాన్స్. బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపిస్తే ఒక పాయింటు, తన్నకుండా బంతిని చేతపట్టుకుని గీత దాటించగలిగితే రెండు. దీన్ని కన్వర్షన్ అంటారు, రూల్ బుక్‌లో అయితే ట్రై అని ఉంటుంది. చాలా జట్లు తన్నేసి ఊరుకుంటాయి, టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చేది కూడా అప్పుడే.

ఆ రోజు వెళ్లినవాళ్లు మాత్రం నష్టపోయారు. కాన్సాస్ స్టేట్ ఆటగాడొకడు కిక్‌ని అడ్డుకున్నాడు. ఎగిరిపడ్డ బంతిని వాళ్లవాడే ఇంకొకడు అందుకున్నాడు. ముందుకి పోదామంటే దారి లేదు, దాంతో వెనక్కి తిరిగి తన గోల్ లైన్ దాటి, దాని వెనకున్న ఎండ్ జోన్ అనే చోటులోకి పరిగెత్తాడు, అక్కడ చుట్టుముట్టేసరికి బంతిని పక్కవాడికి విసిరాడు, ఆ పక్కవాడు అక్కడే దొరికిపోయాడు. రెఫరీలు కాసేపు తర్జనభర్జన పడి ఓరెగన్‌కి ఒక పాయింటు ఇచ్చారు. 32-10. తన్నిన బంతి పోవాల్సిన చోటికి పోలేదు, రావాల్సిన పాయింటు మాత్రం వచ్చేసింది!

ఇందులో చిత్రమేమిటంటే రూలు చాలా సాదాగా ఉంటుంది. మామూలు ఆటలో బంతితో సహా నీ సొంత ఎండ్ జోన్‌లో దొరికిపోతే దాన్ని సేఫ్టీ అంటారు, అవతలివాళ్లకి రెండు పాయింట్లు. ట్రై నడుస్తున్నప్పుడు అన్నిటి విలువా తగ్గుతుంది: మామూలు ఆటలో టచ్‌డౌన్ అయ్యేది ఇక్కడ రెండు, ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపడం) అయ్యేది ఒకటి, సేఫ్టీ అయ్యేదీ ఒకటే. అంతే రూలు. మరి ఆ కుర్రాడు బంతి ఎందుకు పట్టుకున్నట్టు, వదిలేస్తే సరిపోయేది కదా అంటే, 1988 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకో రూలు కూడా ఉంది. డిఫెన్స్ చేసే జట్టు ఆ బంతిని లాక్కుని మైదానం అటు చివరిదాకా మోసుకెళ్తే వాళ్లకి రెండు పాయింట్లు. 21 పాయింట్లు వెనకబడ్డ జట్టులో ఉన్నవాడికి ఎదురుగా బంతి పడితే ఆశ పుట్టదా? నాకైతే అతను తెలివితక్కువ పని చేశాడని అనిపించదు, ఆ రెండు సెకన్లలో ఎవరైనా అదే చేసేవాళ్లు.

అసలు కిటుకు ఇంకోచోట ఉంది. బంతి ఎండ్ జోన్‌లో ఆగిపోతే చాలదు, అది అక్కడికి ఎవరి వల్ల చేరిందన్నది చూస్తారు. అడ్డుకున్న బంతి దానంతటదే ఎండ్ జోన్‌లోకి దొర్లి, అతను దాని మీద పడి ఉంటే ఏమీ లేదు, ఎందుకంటే అటువైపు తోసింది ఓరెగన్ కాలు. కానీ అతను గీతకి ఇవతల, మైదానంలో బంతి పట్టుకుని తనంతట తానే లోపలికి తీసుకెళ్లాడు. ఒకటి రెండు అడుగుల తేడాలో లెక్క మొత్తం మారిపోయింది.

ఇలాంటిది అంతకుముందు 2004 నవంబర్ 26న కూడా జరిగింది, టెక్సస్‌కీ టెక్సస్ ఏ అండ్ ఎంకీ మధ్య. ఈ రెండు యూనివర్సిటీల పేర్లు మనవాళ్ల ఇళ్లలో కొత్త కాదు, అక్కడ చదువుకుంటున్న పిల్లలు చాలామందే ఉన్నారు. అప్పుడూ కిక్ అడ్డుకున్నారు, బంతి ఏ అండ్ ఎం చేతుల్లో వాళ్ల ఎండ్ జోన్‌లోనే ముగిసింది, టెక్సస్‌కి ఒకటి కలిసి చివరికి 26-13. ఇంకా వెనక్కి వెళ్తే 1971లో సిరక్యూస్ 7-0తో ఇండియానా మీద గెలిచిన మ్యాచ్ ఉంది, ఆ ఏడో పాయింటు కిక్‌తో వచ్చింది కాదు. గురి తప్పిన బంతిని ఇండియానా ఆటగాడు ఎండ్ జోన్‌లో చేత్తో కొట్టాడు, అది తప్పు, అప్పటి రూల్ ప్రకారం శిక్ష సేఫ్టీ.

ఇక్కడ లెక్కల సరదా ఒకటి ఉంది. ఈ ఆటలో సేఫ్టీకి 2, ఫీల్డ్ గోల్‌కి 3. ఈ రెండే ఉన్నా చాలు, దాదాపు ఏ స్కోరైనా కట్టొచ్చు. మీ జేబులో రెండు రూపాయల బిళ్లలూ మూడు రూపాయల బిళ్లలూ మాత్రమే ఉన్నాయనుకోండి (మూడు రూపాయల బిళ్ల ఎక్కడుందని అడక్కండి, అనుకోమన్నాను అంతే). సరి సంఖ్యలన్నీ రెండ్లతో అయిపోతాయి, బేసి సంఖ్య కావాలంటే ఒక మూడు పెట్టి మిగతాది రెండ్లతో నింపాలి. కట్టలేనిది ఒక్కటే, అది ఒకటి. అదే రెండు, అయిదు బిళ్లలైతే 1, 3 రెండూ కుదరవు. ఇలాంటివాటిని ఫ్రోబీనియస్ నాణేల సమస్య అంటారు. ఉమ్మడి భాజకం లేని రెండు నాణేలైతే వాటిని గుణించి, ఆ లబ్ధంలోంచి రెంటినీ తీసేస్తే కట్టలేని వాటిలో అతి పెద్దది వస్తుంది. 2, 3కి చేసి చూడండి: 6లోంచి 5 పోతే 1.

మరి కిక్‌తో వచ్చే ఒక పాయింటు ఉందిగా అంటారా? ఉంది, కానీ దానికి ముందు ఆరు ఉండాలి, కాబట్టి అది ఏడే అవుతుంది. ఓరెగన్‌కి వచ్చిన పాయింటూ అంతే. ఆట ఆడుతూ ఒక జట్టు పేరు పక్కన ఒంటరిగా 1 కనబడాలంటే ఒకే దారి: ట్రై నడుస్తుండగా సేఫ్టీ తిరగబడాలి, అంటే టచ్‌డౌన్ చేసిన జట్టే 97 గజాలు, దాదాపు 89 మీటర్లు, వెనక్కి పోయి తన ఎండ్ జోన్‌లో దొరికిపోవాలి.

పిచ్చిగా ఉంది కదా, కానీ కాస్త నమ్మదగ్గ దారి ఒకటి ఉంది. కిక్ అడ్డుకున్నవాడు బంతి పట్టుకుని మైదానమంతా పరిగెత్తి, సరిగ్గా చివర్లో, గీతకి ఒకటి రెండు గజాల ముందు జారవిడవాలి. వెనకే తరుముకొచ్చిన అవతలి జట్టువాడు దాన్ని గీతకి ఇవతలే ఏరుకోవాలి. అక్కడితో నేల మీద పడుకుంటే అయిపోతుంది, కానీ అతను కంగారులో తప్పించుకోబోయి రెండడుగులు వెనక్కి వేయాలి, అక్కడ పట్టుబడాలి. డిఫెన్స్‌కి ఒక పాయింటు. అతి తక్కువలో 6-1. కాలేజీ పెద్ద మ్యాచుల్లో గానీ, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గానీ ఇంతవరకు ఏ డిఫెన్స్‌కీ ఈ పాయింటు దక్కలేదు.

ఆ స్కోరుబోర్డు మీద ఒకటి కనబడే ఇంకో సందర్భం ఉంది, అదీ గెలిచినవాళ్ల పేరు పక్కన. కాలేజీ ఫుట్‌బాల్‌లో అవతలి జట్టు ఆడకుండానే మ్యాచ్ వదులుకున్నట్టు తేలితే దాన్ని 1-0 అని రాసుకుంటారు, బంతిని ఎవరూ ముట్టుకోకుండానే.