ముందు నిర్ణయం అంటే తలరాతేనా? రక్షణ గురించి మా సంఘాల్లో వినే అపోహలు

పోయినేడాది చెనిక్కాయ పంట ఎండిపోయినప్పుడు మా సంఘంలో ఒక అవ్వ అడిగింది: "అంతా దేవుడు ముందే రాసిపెట్టినాడు గదా అయ్యగారూ, ఇంక ప్రార్థన చేసి ఏం లాభం?" కడప జిల్లా పల్లెల్లో చాలా ఏళ్లుగా బైబిలు వాక్యం చెబుతున్నాను. ఈ మాట వినని ఏడాది లేదు.

అపోహ: బైబిల్లో చెప్పే ముందు నిర్ణయం (రక్షణకు, అంటే పాపం నుంచి విడుదలకు, దేవుడు మనుషుల్ని ముందే ఏర్పరచుకోవడం), మన తలరాత ఒకటే.

వాస్తవం: కాదు. తొలి సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, రోమా పత్రిక 8వ అధ్యాయంలోనూ, ఎఫెసీ 1వ అధ్యాయంలోనూ, అపొస్తలుడైన పౌలు ఈ మాట వాడాడు. రెండుచోట్లా వాన, పంట, పెళ్లి, పరీక్ష మార్కుల ప్రస్తావనే లేదు. దేవుడు తన బిడ్డలను క్రీస్తు పోలికలోకి మార్చాలని ముందే అనుకున్నాడన్నదే అక్కడి విషయం. ఎఫెసీలో పౌలు ఎంచుకున్న ఉదాహరణ దత్తత. దత్తతకు వచ్చిన బిడ్డ "నన్నెందుకు తెచ్చుకున్నారు?" అనడిగితే తల్లిదండ్రులు బిడ్డ గొప్పలేవీ చెప్పరు, "నువ్వు కావాలనుకున్నాం" అంటారు. అంతే. తలరాతకు భయపడతాం, లేకపోతే చేతులెత్తేస్తాం. పౌలు మాత్రం ఈ సంగతి చెప్పి స్తోత్రం మొదలుపెడతాడు. పైగా ఆయనే ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు, రాత్రింబగళ్లు ప్రార్థన చేశాడు. దేవుడు ముందే ఏర్పరచుకున్నాడు కదా అని ఇంట్లో కూర్చోలేదు.

అపోహ: ముందు నిర్ణయం కాల్విన్ కనిపెట్టిన సిద్ధాంతం.

వాస్తవం: కాల్విన్ 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త. ఐదో శతాబ్దంలోనే, మనిషి తన సొంత ప్రయత్నంతోనే మంచివాడిగా బతకగలడన్న పెలాగియస్ బోధకు జవాబిస్తూ, బిషప్ అగస్టీన్ దీని మీద చాలా రాశాడు. కాల్విన్ కూడా ఊరికే కుతూహలంతో ఇందులో దూరితే బయటపడే దారి దొరకదని హెచ్చరించాడు. ఫోన్లో వీడియోలు చూసి వాదించుకునే మా కుర్రాళ్లకు ఆ పేజీ మాత్రం ఎవరూ చూపించినట్టు లేదు.

అపోహ: క్రైస్తవులందరూ దీన్ని ఒకేలా నమ్ముతారు.

వాస్తవం: 1610లో నెదర్లాండ్స్‌లో అర్మీనియస్ అనే పండితుడి అనుచరులు కాల్విన్ వాదుల బోధకు ఐదు అంశాలతో అభ్యంతరం చెప్పారు. 1618-19లో డార్ట్ పట్టణంలో జరిగిన సంఘ సభ వాటిని తోసిపుచ్చింది. తర్వాత మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ అర్మీనియస్ వైపే నిలబడ్డాడు. దేవుడు మనుషులందరూ రక్షణ పొందాలని కోరుతున్నాడన్న 1 తిమోతి 2:4 అర్మీనియస్ వైపు వాళ్లకు ముఖ్యం. మా సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంగతే చూడండి. 1947లో ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు, ఆంగ్లికన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి ఏర్పడిన సంఘం ఇది. కాల్విన్ వారసులు, వెస్లీ వారసులు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు. మా వైపు సంఘాలకు పునాది వేసిన లండన్ మిషన్ వాళ్లది ఎక్కువగా కాంగ్రిగేషనల్ సంప్రదాయం.

అపోహ: బాప్తిస్మం తీసుకుంటే రక్షణ వచ్చేసినట్టే.

వాస్తవం: మనవాళ్లు "రక్షణ తీసుకున్నాడు" అంటే చాలాసార్లు బాప్తిస్మం అనే అర్థం. యేసు పక్కన సిలువ మీదున్న దొంగకు ఆ అవకాశమే లేదు, అయినా యేసు వాడికి పరదైసు మాటిచ్చాడు. అలాగని బాప్తిస్మం అక్కర్లేదని కాదు.

అపోహ: విశ్వాసం ఉంటే చాలు, ఎలా బతికినా ఫరవాలేదు.

వాస్తవం: రక్షణ కృపవల్ల (దేవుడు ఉచితంగా చూపే దయవల్ల) విశ్వాసం ద్వారానే, క్రియలవల్ల కాదనే ఎఫెసీ 2:8, 9 వచనాలను గోడల మీద కూడా రాసుకుంటాం. సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడనే 10వ వచనం దగ్గరికి రాగానే గోడ అయిపోతుంది! క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు పత్రిక పౌలుకు ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఇద్దరి ప్రశ్నలూ వేరు. దేవుని ముందు నిలబడే అర్హత ఎలా వస్తుందని పౌలు చెబుతున్నాడు. నీ విశ్వాసం బతికే ఉందా అని యాకోబు అడుగుతున్నాడు. ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు. విశ్వాసం, క్రియల మీద శతాబ్దాలు కొట్లాడిన కాథలిక్కులు, లూథరన్లు 1999లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. అన్ని తేడాలూ తీరలేదు గానీ, రక్షణ కృపవల్లనే అన్నదాని మీద ఒక్క మాటకు వచ్చారు.

ఈమధ్య డిగ్రీ చదివే అబ్బాయొకడు "నేను ఏర్పరచబడినవాణ్ణో కాదో అని టెన్షన్‌గా ఉంది అయ్యగారూ" అన్నాడు. ఆ జాబితా నా దగ్గర లేదని చెప్పాను. క్రీస్తు దగ్గరికి రావాలని ఉందా అనడిగితే ఉందన్నాడు. తన దగ్గరికి వచ్చేవాణ్ణి బయటికి తోసివేయనని ఆయన చెప్పిన యోహాను 6:37 తీసి చదవమన్నాను. అదే వచనం మొదటి సగంలో తండ్రి ఇచ్చేవాళ్లందరూ వస్తారని ఉంది. వాడు రెండు సగాలూ చదివి, మళ్లీ మొదటినుంచి చదివాడు.