బండి స్ట్రైట్‌గానే పోవాలా? చక్రాల గురించి పిల్లలకి

పిల్లలూ,

చెక్కతో చిన్న కారు చేసి, వాలు ట్రాక్ మీద వదిలి రేస్ పెట్టుకునే ఆట 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్, అంటే చిన్న పిల్లల స్కౌట్ బృందాన్ని నడిపే పెద్దాయన, మొదలుపెట్టారు. ఇంజిన్ లేదు, బ్యాటరీ లేదు, అందరికీ ఒకటే వాలు, బరువు కూడా 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు దాటకూడదు. మరి ఒక కారు ముందు, ఇంకోటి వెనక ఎందుకొస్తుంది? ట్రాక్ ఇచ్చిన వేగాన్ని ఎవరు తక్కువ పోగొట్టుకుంటే వాళ్ళు ముందు, అంతే. ఎక్కువ పోయేది చక్రాల దగ్గరే.

మీరందరూ నాలుగు చక్రాలు సరిగ్గా స్ట్రైట్‌గా పెట్టాలనుకుంటారు కదా, వినడానికి బాగుంటుంది గానీ చేత్తో చేసిన కారు ఎంత జాగ్రత్తగా చేసినా కొంచెమైనా ఒక పక్కకి లాగుతుంది, ట్రాక్ మధ్యలో సుమారు 41 మిల్లీమీటర్ల వెడల్పుతో కాస్త ఎత్తైన పట్టీ ఉంటుంది చూడండి, చక్రాలు దానికి రెండు పక్కలా ఉంటాయి, కారు దానికి ఈ పక్క ఒకసారి ఆ పక్క ఒకసారి కొట్టుకుంటూ పోతుంది, కొట్టుకున్న ప్రతిసారీ వేగం పోతుంది. అందుకే మనమే కావాలని కాస్త ఒక పక్కకి తిప్పేద్దాం. ముందు చక్రాల్లో ఒకటి నేలకి తగలకుండా కొంచెం పైకి లేపేస్తాం, రెండోది పట్టీని మెల్లగా ఆనుకుని కారుని నడిపిస్తుంది, వెనక రెండూ పట్టీని తాకకుండా హాయిగా తిరుగుతాయి. నాకైతే ఈ ఆటలో అన్నిటికన్నా తెలివైన సంగతి ఇదే.

వెనక చక్రాల యాక్సిళ్ళు, అంటే చక్రాన్ని చెక్కకి బిగించే మేకులు, కొంచెం వంచి, బయటి చివర పైకి ఉండేలా పెట్టండి. చక్రం పైభాగం కారు వైపు వాలుతుంది, బరువు పడగానే చక్రం జరిగి మేకు తల దగ్గరే ఉంటుంది, చెక్కకి రాసుకోదు. చెక్ చేయడానికి కారుని నున్నటి పలక మీద ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి దొర్లించండి, రెండు సార్లూ చక్రం తల వైపే జరగాలి. ఒక్కసారైనా చెక్క వైపు వస్తే యాక్సిల్‌ని రవ్వంత తిప్పి మళ్ళీ చూడండి, ఎక్కువ తిప్పారంటే ఏ తిప్పుడు ఏం చేసిందో తెలియదు!

నేలకి తగిలే ముందు చక్రానికి దీనికి ఉల్టా, మేకు బయటి చివర కిందికి. మేకు తల మీద చిన్న గాడి కోసుకుంటే స్క్రూడ్రైవర్‌తో ఆ మేకుని తిప్పి, కారు ఎటు ఎంత తిరగాలో సరిచేసుకోవచ్చు. ముందు ఎడమ చక్రం నేల మీద ఉంటే కారు కుడి వైపు తిరగాలి, అప్పుడే ఆ చక్రం మధ్య పట్టీని పట్టుకుంటుంది, చాలామంది ఇక్కడే తికమక పడతారు. వాలుగా పెట్టిన పలక మీద 4 అడుగుల దూరంలో సుమారు 4 అంగుళాలు పక్కకి వచ్చేలా మొదలుపెట్టి, తర్వాత అసలు ట్రాక్ మీద చూడండి. కారు వెనక భాగం ఊగుతుంటే కారు పక్కకి తిరిగేది కొంచెం పెంచండి, ఊగకుండా నిలకడగా పోతుంటే కొంచెం కొంచెం తగ్గిస్తూ పోండి, ఊపు మొదలైన చోట ఆగి ఒక్క పిసరు వెనక్కి రండి.

అన్నట్టు కొన్ని పోటీల్లో మేకులు వంచనివ్వరు, కొన్నిట్లో నాలుగు చక్రాలూ నేలకి తగలాల్సిందే, కాబట్టి రూల్స్ ముందే చదువుకోండి. సెట్ అయ్యాక యాక్సిల్ కదలకుండా చెక్క వైపు ఒక చిన్న చుక్క జిగురు వేయండి, చక్రం లోపలికి మాత్రం పోనివ్వకండి, అక్కడ రాపిడి తగ్గించే గ్రాఫైట్ పొడి తప్ప ఇంకేం ఉండకూడదు.

మీ తాతయ్య