బదులు మొక్కకు నేల ఏది?

విజయవాడ మొగల్రాజపురంలో ఒక పాత డాబా ఇంటి వేపచెట్టును తెల్లవారకముందే కొట్టేయడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. సొంత స్థలంలోని చెట్టుకు ఇంకొకరి అనుమతి ఎందుకని యజమాని వైపువారు అంటున్నారు. ఇన్నేళ్లూ ఆ నీడన బతికినవాళ్లకు ఒక్క మాటైనా చెప్పరా అని ఎదురింటివారు అడుగుతున్నారు.

చట్టం మాట స్పష్టంగానే ఉంది. వాల్టా అని అందరూ పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత భూమిలోని చెట్టునైనా ముందస్తు అనుమతి లేకుండా కొట్టకూడదు. కొట్టినవారు బదులుగా మొక్కలు నాటాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటలకు మినహాయింపు ఉంది కానీ పెరటి వేపకు లేదు. కరవు, బోరుబావుల నడుమ పుట్టిన చట్టం ఇది. బెజవాడలో అది ఎప్పుడు నీరుగారిపోయిందన్నదే ఇప్పుడు చూడాలి.

నా దృష్టిలో ఆ మలుపు 2014 సెప్టెంబరు 4. రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ఆరోజు శాసనసభలో ప్రకటించారు. అంతకుముందు ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేవని కాదు. అయినా లబ్బీపేట, సూర్యారావుపేట, సత్యనారాయణపురం, పటమట వీధుల్లో వీధివైపు వేప, బావి దగ్గర కొబ్బరి, వెనక మామిడి, గోడవార కరివేపాకు ఉన్న ఇళ్లు ఎన్నో మిగిలి ఉండేవి. ఆ ప్రకటనతో గజం ధర ఎగిసింది. ఇల్లు పడగొట్టి, బిల్డరుకు స్థలం ఇచ్చి, ఫ్లాట్లు పంచుకునే ఒప్పందాలు వీధి వీధికీ పాకాయి. గజాల్లో కొలిచే స్థలంలో చెట్టు మొదలు కూడా పార్కింగు కింద లెక్కకు వచ్చింది.

2002లో చట్టం రాసినవారి మనసులో ఉన్నది పెరడున్న ఇల్లు. ఒక చెట్టు పోతే పక్కన ఇంకొకటి నాటుకునే మట్టి అక్కడ ఉంటుంది. ఇప్పుడు పెద్ద స్థలమైతే సెల్లారు తవ్వుతారు, చిన్నదైతే స్తంభాల మధ్య కార్ల కోసం నేలంతా సిమెంటు చేస్తారు. చుట్టూ వదిలే ఖాళీలోనూ టైల్సే. అక్కడ నాటే మొక్క తొట్టిలో మొక్కే అవుతుంది. దానికి తోడు ప్లాను మంజూరు చేసేది కార్పొరేషన్, చెట్టు కొట్టడానికి అనుమతి చూసేది అటవీశాఖ. నేను చూసిన ప్లాన్లలో మెట్లు, లిఫ్టు, ఇంకుడుగుంత గీసి ఉన్నాయి. స్థలంలో అప్పటికే నిలబడి ఉన్న చెట్టు ఒక్కదానిలోనూ కనిపించలేదు.

మహారాష్ట్ర 1975లోనే ఈ అధికారాన్ని పురపాలక సంస్థల చేతికిచ్చింది. చెట్ల కోసం ప్రత్యేక ప్రాధికార సంస్థ ఉండాలని, చెట్లను లెక్కపెట్టాలని చట్టం చేసింది. 2021 సవరణతో యాభై ఏళ్లు దాటిన చెట్టుకు వారసత్వ హోదా వచ్చింది. కొట్టే చెట్టు వయసు ఎన్నేళ్లో అన్ని మొక్కలు నాటాలన్న నిబంధనా వచ్చింది. మన దగ్గర వయసు ప్రస్తావనే రాదు.

యజమానుల బాధా ఉత్తది కాదు. వేళ్లు ప్రహరీని చీలుస్తాయి, గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. అనుమతి కోసం తిరిగే ఓపిక లేక చీకట్లో రంపం పట్టేవారూ ఉన్నారు. కానీ స్థలం సొంతమన్న వాదన ఇక చెల్లదు. ఉత్తరప్రదేశ్‌లోని మథుర ప్రాంతంలో ప్రైవేటు భూమిలో 454 చెట్లు కొట్టిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను ఖాయం చేసింది.

మొగల్రాజపురంలో వేప మొదలు ఇంకా పచ్చిగానే ఉంది. పొట్టు వాసన వీధి చివరిదాకా వస్తోంది. పునాది కోసం ముగ్గుతో వేసిన గీత చెట్టుకు ఆరడుగుల ఇవతలే ఆగింది. ఎదురింటివారు రాసుకున్న అర్జీలో జరిమానా ఊసు లేదు. ఆ ఆరడుగుల మూలను సిమెంటు చేయనివ్వకుండా, అక్కడే మళ్లీ వేపను నాటించమని అడిగారు.