జావనీస్ నాలుగు మాటలు నేర్చుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇండోనేషియన్ వస్తే జావనీస్ వచ్చినట్టే.

రాదు. ఇండోనేషియన్ మలయ్ నుంచి వచ్చిన జాతీయ భాష. 1928లో స్వాతంత్ర్యం కోరిన యువకులు చేసిన యువజన ప్రతిజ్ఞతో దానికి ఆ హోదా వైపు బాట పడింది. జావనీస్ ఇండోనేషియాలోని జావా దీవిలో ఇళ్లలో, సంతల్లో మాట్లాడుకునే వేరే భాష. "నేను తింటాను" అని ఇండోనేషియన్‌లో చెప్పాలంటే "సాయా మావు మాకన్", జావనీస్‌లో మర్యాదగా చెప్పాలంటే "కులొ బడె నెడొ". ఒక్క మాటా కలవదు. రాతలో ఒకేలా కనిపించే మాటలతో ఇంకో చిక్కు: ఇండోనేషియన్‌లో "మంగా" అంటే మామిడిపండు. అదే స్పెల్లింగు జావనీస్‌లో "మొంగొ" అవుతుంది, అర్థం "రండి, దయచేయండి". మామిడికి వాళ్ల మాట "పెలెమ్".

జావా దీవంతా జావనీసే అనుకోవడమూ పొరపాటే. బాండుంగ్ వైపు సుందనీస్ నడుస్తుంది. జకార్తాలో పనికొచ్చేది ఇండోనేషియనే. ఈ మాటలు బాగా అక్కరకొచ్చేది జోగ్జకార్తా, సోలో, సెమరాంగ్, సురబయా, మలాంగ్ వైపు వెళ్లేవారికి.

అపోహ: ముందు తేలికైన మామూలు భాష నేర్చుకుని, మర్యాద భాష తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జావనీస్‌లో స్నేహితులతో, చిన్నవాళ్లతో మాట్లాడేది "ఙొకొ". పెద్దలతో, కొత్తవాళ్లతో మాట్లాడేది "క్రొమొ". మనకు "నువ్వు-మీరు", క్రియ చివర "-అండి" ఉన్నట్టే కదా అనుకుంటారు. అంత సులువు కాదు, అక్కడ మాటకు మాటే మారిపోతుంది. తినడం ఙొకొలో "మఙన్", క్రొమొలో "నెడొ", ఎదుటి పెద్దవారు తింటే "డహర్". నిద్ర "తురు", "తిలెమ్", "సారె". వెళ్లడం "లుఙొ", "కెసహ్", "తిందక్".

ఇందులో తప్పక పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: మూడో మాట ఎదుటివారికే, మనకు ఎప్పుడూ వాడకూడదు. "పంజెనెఙన్ సంపున్ డహర్?" (మీరు భోంచేశారా?) అని అడిగితే "సంపున్, కులొ సంపున్ నెడొ" అనాలి. అడిగిన మాటనే తిప్పి "కులొ సంపున్ డహర్" అంటే "నేను భోజనం చేశారు" అన్నట్టుంటుంది. కొత్తవాళ్లు విన్నమాట విన్నట్టు అప్పజెప్పడం వల్లే ఈ తప్పు జరుగుతుంది. అందుకని క్రియల్ని విడిగా బట్టీ పట్టకండి, ప్రశ్న-జవాబు జంటలుగా నేర్చుకోండి.

మొదలు క్రొమొతోనే పెట్టుకోవడం మేలు. క్రొమొలో తడబడితే నవ్వి ఊరుకుంటారు. ముసలాయన్ని ఙొకొలో "కొవె" (నువ్వు) అంటే మాత్రం మొహం మారిపోతుంది. సర్వనామం గురించి అనుమానం వస్తే అసలు వాడకండి. పక్ (పెద్దాయనకు), బు (పెద్దావిడకు), మస్ (యువకుడికి), మ్బక్ (యువతికి) అనే పిలుపులతో నెట్టుకురావచ్చు. తల్లిదండ్రుల అన్న "పక్డె", తమ్ముడు "పక్లిక్", అక్క "బుడె", చెల్లెలు "బులిక్". పెద్దనాన్న, చిన్నాన్న అని పిలిచే మనకు ఈ లెక్క కొత్త కాదు, కాకపోతే వాళ్లు మేనమామనీ ఇందులోనే కలిపేస్తారు.

అపోహ: ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా ఉంటే అలా చదివేయొచ్చు.

మనవాళ్లకు ఇదో ప్రత్యేకమైన ఉచ్చు. మనం పేర్లు రాసేటప్పుడు "త"కు టి-హెచ్ వాడతాం. జావనీస్‌లో సరిగ్గా తిరగేసి: ఒంటరి టి అంటే "త", టి-హెచ్ అంటే "ట". అలాగే ఒంటరి డి "ద", డి-హెచ్ "డ". "వెది" అంటే భయపడటం, "వెడి" అంటే ఇసుక. చాలామంది విదేశీయులకు ఈ తేడా చెవికి ఎక్కదు, మనకు పుట్టుకతో ఉంది. రాత చూసి పాడుచేసుకోకండి.

ఇంకొకటి: మాట చివర "ఎ" (a) అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది "ఒ"గా పలుకుతుంది, ముందు అక్షరంలో అదే ఉంటే అదీ మారుతుంది. "ఏమిటి" అనే మాట రాతలో "అప", నోట్లో "ఒపొ". తర్వాత హల్లు ఉంటే మారదు, అందుకే "మఙన్" అలాగే ఉంది. పుర్వొకెర్తొ, తెగల్ వైపు యాసలో మాత్రం "అప"ను "అప" అనే అంటారు. ఫోన్ మెసేజీల్లో జనం "ఒ" పెట్టే రాసేస్తారు కాబట్టి ఒకే మాట రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడొద్దు.

అపోహ: ఒకటి నుంచి పది వస్తే బేరం ఆడొచ్చు.

"నికి పింతెన్, బు?" (ఇదెంతండీ?) అని అడగడం తేలికే, జవాబు అర్థమవడమే కష్టం. రెండు "లొరొ", ఐదు "లిమొ", కానీ ఇరవై ఐదు "సెలావె". యాభై "సెకెత్", అరవై "సెవిదక్". వీటిని విడగొట్టి ఊహించలేరు, విడిగా నేర్చుకోవాల్సిందే. ధరలు వేలల్లో ఉంటాయి కాబట్టి వెనకాల "ఎవు" (వేలు) వినిపిస్తుంది: "సెలావె ఎవు" అంటే ఇరవై ఐదు వేల రూపియా.

అపోహ: "బడె తిందక్ పుందీ?" అని అడిగితే ఆరా తీస్తున్నట్టు.

"ఎక్కడికి బయల్దేరారు?" అన్నది అక్కడ పలకరింపే. మన దగ్గర బయల్దేరేవాణ్ని "ఎక్కడికి?" అంటే అపశకునం, అక్కడ అడక్కపోతేనే వెలితి. వివరం చెప్పక్కర్లేదు, "మ్లంపా-మ్లంపా" (ఊరికే అలా తిరగడానికి) అంటే చాలు.

కూర్చున్నవాళ్ల ముందు నుంచి వెళ్లాల్సి వస్తే కాస్త వంగి, కుడిచెయ్యి కిందికి చాచి "నువున్ సెవు" (క్షమించండి) అనాలి. గుమ్మం దగ్గర "కులొ నువున్" అని పిలిచి, లోపల్నుంచి "మొంగొ" వినపడేదాకా ఆగాలి. "ఇంగ్గిహ్" అంటే అవును, కానీ మీరు మాట్లాడుతుండగా ఎదుటివారు మాటిమాటికీ అంటుంటే "వింటున్నాను" అనే అర్థం. దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని బేరం ఖాయం చేసుకోకండి.

అపోహ: ముందు లిపి నేర్చుకోవాలి.

అక్కర్లేదు. "హొనొచొరొకొ" లిపిలో 20 మూలాక్షరాలు. మన లిపిలాగే బ్రాహ్మీ సంతతి. జోగ్జకార్తా, సోలో వీధి బోర్డుల మీద కనిపిస్తుంది, కింద లేదా పైన రోమన్ అక్షరాల్లోనూ ఉంటుంది. రోజువారీ రాతకోతలన్నీ రోమన్‌లోనే.